అగ్నిశిలపై మొలిచిన పగడపు తోట

బిర్యానీ మసాలా నూరుకునే ప్రతి ఇంటిలోనూ జాజికాయ, జాపత్రి ఉంటాయి. జాజికాయ గింజ. ఆ గింజను ఎర్రని వలలా అల్లుకొని ఉండే పొర జాపత్రి. రెండింటినీ ఇచ్చేది ఒకే చెట్టు. ఆ చెట్టు పుట్టినిల్లు ఇండోనేషియా తూర్పు భాగంలో, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన ఉన్న బండా దీవులు. 17వ శతాబ్దంలో ప్రపంచమంతటికీ జాజికాయ అక్కడి నుంచి మాత్రమే వెళ్ళేది.

అయితే ఈ నెల మనం ముచ్చటించుకోబోయేది ఆ దీవుల చెట్ల గురించి కాదు. వాటి తీరాన, నీటి అడుగున ఉన్న ఒక నల్లని రాతి వాలు గురించి. సముద్రంలో స్కూబా డైవింగ్ చేసేవారు ఆ చోటును ‘లావా ఫ్లో’ అని పిలుస్తారు. అగ్నిపర్వతం నుంచి లావా దిగి వచ్చి సముద్రంలో కలిసిన చోటు అన్నమాట.

దూర దేశపు సముద్రం అడుగున ఏముంటే మనకేమిటి అని పాఠక సోదర సోదరీమణులు అనుకోవచ్చు. మన పిల్లలు నేడు మలేషియాలో, సింగపూర్‌లో, గల్ఫ్ దేశాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవులు దొరికితే అండమాన్‌కు వెళ్ళి వస్తున్నారు. వారిలో కొందరు డైవింగ్ నేర్చుకుంటున్నారు. ముఖానికి అద్దం, వీపున సిలిండర్ తగిలించుకున్న కొడుకు ఫోటో చూసి ఇంటి దగ్గర అమ్మీ, అబ్బా ఆందోళన చెందుతున్నారు. ‘నీళ్ళ కింద నీకేం పని?’ అన్నది పెద్దల ప్రశ్న. ‘మీకు తెలియదు, ఊరుకోండి’ అన్నది పిల్లల జవాబు. తెలియనిది తెలుసుకుంటే పెద్దల భయం తగ్గుతుంది, పిల్లల నిర్లక్ష్యమూ తగ్గుతుంది. అందుకు బండా దీవుల నల్లరాయి చక్కని పాఠశాల వంటిది.

దీవులు, వాటితో మన పాత బంధం

బండా దీవులు పది, పదకొండుకు మించవు. మధ్యలో మూడు దీవులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఓడరేవు, ఊరు ఉన్నది బండా నెయిరా. జాజితోటలు విస్తారంగా ఉన్నది బండా బెసార్. మూడవది గునుంగ్ అపి. మలయ్ భాషలో గునుంగ్ అంటే పర్వతం, అపి అంటే అగ్ని. మనం చెప్పుకునే ‘అగ్నిపర్వతం’ అన్న మాటే ఆ దీవి పేరు. సముద్రం నుంచి సూటిగా 600 మీటర్లకు పైగా లేచిన శంఖాకారపు కొండ అది. దానికీ బండా నెయిరా ఊరికీ మధ్య ఉన్నది ఇరుకైన జలసంధి మాత్రమే. చుట్టూ ఉన్న బండా సముద్రం మహా లోతైనది. దాని తూర్పు భాగాన ఉన్న వెబెర్ అగాధం 7 కిలోమీటర్లకు పైగా లోతు ఉంటుంది.

ఈ దీవులకూ మన కోస్తా తీరానికీ నాలుగు శతాబ్దాల నాటి సంబంధం ఉన్నది. 1602లో స్థాపించబడిన డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ, 1606 నాటికే గోల్కొండ రాజ్యంలోని మచిలీపట్నంలోనూ, నేడు నిజాంపట్నం అని పిలిచే పెటపోలిలోనూ వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నది. అప్పుడు గోల్కొండను పాలిస్తున్నది మహమ్మద్ కులీ కుతుబ్ షా. మసాలా దీవుల ప్రజలు జాజికాయకు, లవంగానికి బదులుగా వెండి కంటే మన నేతగాళ్ళ వస్త్రాన్ని ఎక్కువగా కోరుకునేవారు. అందువల్ల తెలుగు మగ్గం మీద నేసిన గుడ్డ ఓడనెక్కి బండాకు చేరేది, బండా జాజికాయ ఐరోపాకు చేరేది.

ఆ వర్తకం తరువాత ఘోరానికి దారితీసింది. బండా వాసులు నాటికే ముస్లింలు. తమ సరుకును తమకు నచ్చినవారికి అమ్ముకునే అలవాటున్న వర్తకులు. 1621లో డచ్ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్ సైన్యంతో వచ్చి ఆ దీవులను ఆక్రమించాడు. ఊరి పెద్దలను పట్టి చంపించాడు. సుమారు 15 వేలు ఉండేదని అంచనా వేసిన జనాభాలో వెయ్యిమంది వరకు మాత్రమే మిగిలారని చరిత్రకారులు చెబుతారు. ఆ పిదప తోటల పనికి ఇతర ప్రాంతాల నుంచి బానిసలను తెచ్చి దించారు. నేటి బండా ప్రజలలో అధికులు అలా వచ్చి స్థిరపడినవారి సంతానమే.

తరువాతి కాలంలో డచ్ ప్రభుత్వం ఇండోనేషియా స్వాతంత్ర్య నాయకులను ఈ దీవులకే ప్రవాసం పంపింది. ముహమ్మద్ హత్తా, సూతాన్ షహ్రీర్ 1936 నుంచి 1942 వరకు బండా నెయిరాలో నిర్బంధంలో గడిపారు. ఆ రోజులలో వారు స్థానిక బాలలకు చదువు చెప్పారు. హత్తా దేశానికి మొదటి ఉపాధ్యక్షుడు, షహ్రీర్ మొదటి ప్రధానమంత్రి అయ్యారు. నేడు రెండు దీవులు వారి పేర్లతోనే ఉన్నాయి. వాటిలో హత్తా దీవి చుట్టూ ఉన్న నిలువెత్తు పగడపు గోడను చూడటానికి డైవర్లు వస్తారు. వారి వద్ద చదువుకున్న బాలలలో ఒకరైన దేస్ అల్వీ పెరిగి దౌత్యవేత్త అయ్యారు, ఆ పిదప సొంత దీవులకు యాత్రికులను, డైవర్లను రప్పించడానికి పాటుపడ్డారు.

1988 మే 9

ఆ రోజు గునుంగ్ అపి బద్దలయింది. బూడిద ఆకాశాన్ని కమ్మింది. ప్రజలు పడవలెక్కి తరలిపోవలసి వచ్చింది. కొండ పక్కల నుంచి పారిన లావా సముద్రం దాకా చేరింది. కరిగిన రాయి వేడి దాదాపు వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అది నీటిలోకి జారిన చోట అంతవరకూ ఉన్న పగడాలు, వాటిని ఆశ్రయించిన జీవులు పూర్తిగా సమాధి అయిపోయాయి. లావా చల్లబడి గట్టిపడిన పిదప తీరాన మిగిలినది నల్లని, గరుకైన, బోసి రాయి. దాని మీద బతికి ఉన్నదేదీ లేదు.

ఐదేళ్ళ తరువాత సముద్ర శాస్త్రజ్ఞులు అక్కడ దిగి పరిశీలించారు. వారి అధ్యయనం 1996లో ప్రచురితమయింది. అలల తాకిడి తక్కువగా ఉన్న చోట ఆ రాయిలో 60 శాతానికి పైగా భాగాన్ని సజీవ పగడాలు కప్పివేశాయి. వాటిలో 124 రకాలు లెక్కకు వచ్చాయి. బల్లపరుపుగా, గొడుగులా విచ్చుకునే అక్రోపోరా జాతి పగడాలలో కొన్ని 90 సెంటీమీటర్లకు మించిన వెడల్పుకు పెరిగాయి. అంటే మధ్య నుంచి అంచు దాకా లెక్క వేసినా ఏడాదికి తొమ్మిది సెంటీమీటర్లకు తగ్గకుండా పెరిగినట్లు. దెబ్బతిన్న పగడపు దిబ్బ కోలుకోవడానికి సాధారణంగా పదేళ్ళు, అంతకు మించి కూడా పడుతుంది. గుండ్రని బండల వంటి పోరైటిస్ జాతి పగడాలైతే ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఎదుగుతాయి. కనుక ఇక్కడ జరిగినది శాస్త్రజ్ఞులను సైతం ఆశ్చర్యపరచింది.

బోసి రాయిపై తోట ఎలా మొలిచింది?

పగడం రాయి కాదు, మొక్క కాదు, జీవి. చిన్న చిన్న పాలిప్‌లు వేలకొద్దీ కలిసి కట్టుకున్న సున్నపు ఇల్లు అది. దాని కణజాలంలో సూక్ష్మమైన నాచు నివసిస్తుంది. నాచు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. పగడం నాచుకు నీడనిస్తుంది. అందువల్లనే నిస్సారమైన, తేటగా ఉండే ఉష్ణమండల జలాలలోనూ ఇంత సంపద పుడుతుంది.

పగడాలు సంతానాన్ని నీటిలోకి వదులుతాయి. సూది మొనంత ఉండే ఆ పిల్లజీవి కొన్ని రోజులు ప్రవాహంలో తేలుతూ వెళ్ళి, అనువైన చోటు దొరికితే అక్కడ అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కున్నదా, ఇక జీవితాంతం ఆ చోటు వదలదు. దానికి కావలసినవి వెలుతురు, బురద లేని నీరు, అన్నింటికన్నా ముందు కదలని గట్టి నేల.

గునుంగ్ అపి తీరంలో ఇవన్నీ కుదిరాయి. చిన్న దీవులు కనుక బురద మోసుకువచ్చే పెద్ద నదులు లేవు. చుట్టుపక్కల ఇతర దీవుల పగడపు దిబ్బలు సజీవంగా ఉన్నాయి కనుక ప్రవాహం విత్తనాలను మోసుకు వచ్చింది. లావా గట్టిపడి ఏర్పడిన రాయి కదలనిది. దాని గరుకు ఉపరితలంలోని ప్రతి గుంట ఒక పిల్లజీవికి ఆశ్రయమయింది.

ఇక్కడ ఒక విషయాన్ని మనసు పెట్టి ఆలోచించాలి. ఇండోనేషియాలోని అనేక తీరాలలో కొందరు చేపల కోసం నీటిలో బాంబులు పేల్చారు. ఎరువును, కిరోసిన్‌ను సీసాలో కూరి, వత్తి వెలిగించి విసురుతారు. చచ్చి తేలిన చేపలను ఏరుకుంటారు. ఆ ఒక్క క్షణంలో పగడాలు ముక్కలు ముక్కలవుతాయి. ఆ ముక్కలు గులకరాళ్ళలా అడుగున పరచుకొని ప్రతి అలకూ అటూ ఇటూ దొర్లుతూ ఉంటాయి. వాటి మీద పిల్లజీవి అతుక్కున్నా, ముక్క దొర్లగానే నలిగి చస్తుంది. కొమొడో దీవుల ప్రాంతంలో ఇలా పొడి అయిన చోట్లను శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి గమనించారు. బాంబులు ఆగిపోయిన తరువాత కూడా అక్కడ చెప్పుకోదగినంతగా పగడం తిరిగి మొలవలేదు.

అగ్నిపర్వతం సర్వనాశనం చేసింది, కానీ గట్టి పునాదిని మిగిల్చింది. మనిషి దురాశ చేసిన నాశనం దానితో పోల్చితే చిన్నదే, కానీ అది పునాదినే మిగల్చలేదు. చూడటానికి భయంకరమైన నష్టం ఐదేళ్ళలో పూడింది. సీసాలో పట్టినంత నష్టం ఒక తరం గడిచినా పూడకపోవచ్చు.

అక్కడ దిగినవారు చూసేది

బండా నెయిరా రేవు నుంచి పడవలో లావా వాలు కొద్ది నిమిషాల దూరం. నీటి పైన చూస్తే కొండ మీద నుంచి నల్లని చారికలా దిగిన లావా రాయి కనిపిస్తుంది. ఎండకు కాలి, చెట్టు చేమ పలుచగా ఉన్న నేల అది. దాని అంచున నీటిలోకి దిగితే దృశ్యం ఒక్కసారిగా మారిపోతుంది.

ఐదారు మీటర్ల లోతుకే బల్లపరుపు పగడాలు ఒకదాని మీద ఒకటి, అంతస్తులు అంతస్తులుగా, వాలు పొడవునా దస్తర్‌ఖాన్లు పరచినట్లు కనిపిస్తాయి. వాటి మధ్య దుప్పి కొమ్ముల వంటి కొమ్మల పగడాలు. ఆ కొమ్మల పైన వందలాది చిన్న చేపలు రెపరెపలాడుతుంటాయి. పెద్ద చేప నీడ పడగానే అన్నీ ఒకేసారి కొమ్మలలోకి దూరి మాయమవుతాయి, అపాయం తప్పగానే ఒకేసారి బయటకు వస్తాయి. పగడాల సందున అక్కడక్కడా నల్లరాయి తొంగిచూస్తుంది. ఈ తోట దేని మీద నిలిచి ఉన్నదో అప్పుడు గుర్తుకు వస్తుంది.

నీటిలో రంగులు మోసం చేస్తాయి. లోతుకు దిగేకొద్దీ నీరు ముందుగా ఎరుపును మింగివేస్తుంది. పది మీటర్లు దాటితే ఎర్రని చేప గోధుమ రంగుగా, మరింత లోతున నల్లగా కనిపిస్తుంది. టార్చి వెలిగిస్తే అసలు రంగు బయటపడుతుంది. శబ్దం నీటిలో గాలిలో కంటే నాలుగు రెట్లకు మించిన వేగంతో పయనిస్తుంది. అందువల్ల పడవ మోత వినబడుతుంది గానీ ఏ దిక్కు నుంచో తెలియదు. మాట్లాడటం కుదరదు కనుక చేతి సైగలే భాష. ఆ భాషలో బొటనవేలు పైకెత్తితే ‘బాగున్నది’ అని కాదు, ‘పైకి వెళదాం’ అని అర్థం. బాగున్నదని చెప్పాలంటే బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి గుండ్రంగా చూపాలి.

లావా వాలు మీద పగడాల అందమంతా వెలుతురు ధారాళంగా పడే పై మీటర్లలోనే ఉన్నది. మరీ లోతుకు దిగవలసిన అవసరం లేదు. లోతుకు పోవడమే గొప్ప అనుకునే యువకులకు ఇది చెప్పవలసిన మాట.

శ్వాసను ఆపవద్దు

మదర్సాలో మేము ఖుర్ఆన్ పారాయణం నేర్పేటప్పుడు శ్వాస ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపకూడదో నేర్పుతాము. డైవింగ్ నేర్పే గురువు మొదటి రోజున నేర్పే పాఠం అంతకంటే సూటిగా ఉంటుంది: శ్వాసను ఎక్కడా ఆపవద్దు.

దీని కారణం తెలుసుకోదగినది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ, పైన గాలి మన మీద వేసేటంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు, ఇరవై మీటర్ల లోతున మూడింతలు. ఆ లోతులో సిలిండర్ నుంచి పీల్చిన గాలి అదే ఒత్తిడిలో ఊపిరితిత్తులను నింపుతుంది. పది మీటర్ల నుంచి శ్వాస బిగపట్టి పైకి వస్తే, లోపలి గాలి రెండింతలకు వ్యాకోచిస్తుంది. బయటకు దారి లేకపోతే ఊపిరితిత్తుల పొరలు చినుగుతాయి. ప్రాణాలు పోవచ్చు. ఇందుకు మహా లోతు అక్కరలేదు, కొద్ది మీటర్లు చాలు. భయపడినవాడు శ్వాస బిగపట్టి పైకి దూసుకువస్తాడు. అందువల్ల డైవింగ్‌లో భయమే పెద్ద శత్రువు, నిదానమే పెద్ద రక్షణ.

రెండవ నియమం, నెమ్మదిగా పైకి రావడం. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాలలో కరుగుతుంది. సోడా సీసా మూత నెమ్మదిగా తీస్తే గ్యాస్ నిదానంగా పోతుంది, ఒక్కసారిగా తీస్తే బుడగలు పొంగుకొస్తాయి. శరీరంలోనూ అంతే. తొందరపడి పైకి వస్తే నైట్రోజన్ బుడగలై కీళ్ళలో నొప్పి, తిమ్మిరి, ఒక్కొక్కసారి పక్షవాతం కలిగిస్తుంది. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రావాలనీ, ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలనీ నేర్పేది అందుకే. ఈ జబ్బుకు చికిత్స అధిక పీడనం గల ప్రత్యేక గదిలో ప్రాణవాయువు ఇవ్వడం. అటువంటి సౌకర్యం చిన్న దీవులలో దొరికేది కాదు.

విమానం కూడా ఒక విధంగా పైకి రావడమే. ఆకాశంలో ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. కనుక ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, వరుసగా అనేక డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. చాలామంది శిక్షకులు పూర్తి రోజు ఆగమంటారు. సెలవు చివరి రోజు ఉదయం డైవ్ చేసి సాయంత్రం విమానం ఎక్కే పథకాలు వేయడం ఎంత ప్రమాదమో గ్రహించాలి.

ఈ పరికరం 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ రూపొందించిన రెగ్యులేటర్‌తో వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు గల్ఫ్ తీరాన ముత్యాల కోసం దిగినవారికి సిలిండర్ లేదు. ముక్కుకు బిగింపు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని ఒక్క శ్వాసతో అడుగుకు వెళ్ళేవారు. పైన పడవలో తాడు పట్టుకొని ఒక మనిషి కనిపెట్టుకొని ఉండేవాడు. కింద నుంచి తాడు కదలగానే లాగేవాడు. ఆ తాడు మనిషి ఏమరుపాటు చెందితే దిగినవాని ప్రాణం పోయినట్లే. నేటి డైవింగ్‌లో తాడు లేదు గానీ ఆ మనిషి ఉన్నాడు. ఒంటరిగా దిగవద్దు, ఇద్దరుగా దిగాలి, ఒకరి గాలి అయిపోతే మరొకరు తమ గాలి ఇవ్వాలి అన్నది మూడవ నియమం. ఇందుకోసమే ప్రతి డైవర్ సిలిండర్‌కూ అదనంగా ఒక గొట్టం ఉంటుంది. అది తనకోసం కాదు, తోటివానికోసం.

ముట్టుకోవద్దు

శ్వాసకు సంబంధించిన నియమాలు మనిషి ప్రాణాన్ని కాపాడతాయి. చేతులకు, కాళ్ళకు సంబంధించిన నియమాలు పగడం ప్రాణాన్ని కాపాడతాయి. నిజానికి రెండింటి మూలం ఒకటే. నిదానంగా శ్వాసించేవాడు నీటిలో స్థిరంగా తేలుతాడు. ఆందోళనతో శ్వాసించేవాడు పైకీ కిందికీ ఊగుతూ కాళ్ళు కొట్టుకుంటాడు. ఐదేళ్ళు పెరిగిన గొడుగు పగడం కాలికి తగిలించుకున్న ప్లాస్టిక్ రెక్క ఒక్క దెబ్బకు విరుగుతుంది. ఫోటో కోసం దాని మీద చేయి ఆనించినా పైనున్న పలుచని సజీవ పొర నలుగుతుంది. అడుగున ఇసుకను కాలితో లేపితే ఆ ఇసుక పాలిప్‌లను కప్పేస్తుంది. పడవ లంగరు పగడం మీద పడితే నష్టం ఇంకా పెద్దది. తేలియాడే బోయాకు పడవను కట్టడమే సరైన పద్ధతి.

లావా రాయి విషయంలో దిగేవారికీ ప్రమాదం ఉన్నది. ఆ రాయి గరుకైనది, అంచులు పదునైనవి. ప్రవాహం బలంగా ఉన్నప్పుడు దానికి ఒరుసుకుంటే చర్మం కోసుకుపోతుంది. పగడపు గాయాలు త్వరగా మానవు. దూరంగా తేలడమే ఇరువురికీ క్షేమం.

మలుకు దీవులలో ‘ససీ’ అనే పాత ఆచారం ఉన్నది. ఊరి పెద్దలు కొంత కాలం పాటు ఫలానా పంటను కోయరాదనీ, ఫలానా చోట గవ్వలు, చేపలు పట్టరాదనీ నిర్ణయిస్తారు. గడువు తీరిన పిదప అందరూ కలిసి పట్టుకుంటారు. పెరగడానికి వ్యవధి ఇవ్వడమే దాని సారం. లావా వాలుకు అందినది కూడా అదే, వ్యవధి.

ఇప్పుడు ఆ వ్యవధి తగ్గిపోతున్నది. సముద్రం వేసవి వేడి మామూలు కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా పగడం తనలోని నాచును వెళ్ళగొట్టి తెల్లబడుతుంది. ఎక్కువ కాలం అలాగే ఉంటే ఆకలితో చస్తుంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి పగడాలు ఇలా తెల్లబడుతున్నట్లు 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. లావా వాలుపై తోట మొలవడానికి విత్తనం పక్క దిబ్బల నుంచే వచ్చింది. పక్క దిబ్బలే లేకపోతే గట్టి రాయి ఉండి ఏమి ప్రయోజనం?

తల్లిదండ్రులకు, యువతకు నాలుగు మాటలు

డైవింగ్‌ను గుడ్డిగా నిషేధించడం కంటే సరైన ప్రశ్నలు అడగడం మేలు. మీ అబ్బాయి, అమ్మాయి ఎవరి వద్ద నేర్చుకుంటున్నారు? శిక్షకునికి గుర్తింపు పత్రం ఉన్నదా? ఒక్క రోజు అనుభవం కోసం దిగేవారిని 12 మీటర్లు దాటించకూడదు, శిక్షకుడు వెన్నంటే ఉండాలి. ప్రాథమిక శిక్షణ పూర్తి చేసినవారికి 18 మీటర్లు హద్దు. పదేళ్ళలోపు పిల్లలను సముద్రంలో దించరాదు. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా దిగరాదు. జలుబు చేసి ముక్కు బిగిసి ఉన్న రోజున దిగరాదు. గర్భిణులు డైవింగ్ చేయరాదు. ఆరోగ్య పత్రంలో ఉన్న జబ్బును దాచి ‘లేదు’ అని రాయడం తనను తాను మోసగించుకోవడమే.

దుస్తుల విషయంలో సోదరీమణులకు ఇబ్బంది లేదు. డైవింగ్ దుస్తు మెడ నుంచి మడమల దాకా కప్పేది, తలకు కూడా టోపీ వంటి తొడుగు దొరుకుతుంది. దానిపై వదులైన చొక్కా వేసుకునేవారూ ఉన్నారు. మహిళా శిక్షకురాలు కావాలని ముందుగానే కోరవచ్చు. రెండు డైవ్‌ల మధ్య ఎలాగూ గంటకు పైగా విరామం ఉంటుంది కనుక నమాజుకు సమయం దొరుకుతుంది. ఇక రమజాన్ ఉపవాసాలలో పగటిపూట డైవింగ్ పెట్టుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నైట్రోజన్ బుడగల జబ్బుకు అవకాశం పెరుగుతుందని నిపుణులు హెచ్చరిస్తారు. ఉపవాసం నెల రోజులే. సముద్రం ఎక్కడికీ పోదు.

బండా వరకు వెళ్ళదలచినవారు అంబన్ నగరం మీదుగా వెళ్ళాలి. అక్కడి నుంచి ఓడలో సముద్రం మీద గంటల ప్రయాణం. రుతుపవనాలు నెమ్మదించే మార్చి, ఏప్రిల్ మాసాలు, తిరిగి అక్టోబర్, నవంబర్ మాసాలు అనువైనవి. ఆ దీవుల ప్రజలలో అధికులు ముస్లింలు. మసీదుల ఊరు, మర్యాద గల ఊరు. అతిథులు కూడా ఆ మర్యాదకు తగినట్లు మెలగాలి. అంత దూరం వెళ్ళలేనివారు అండమాన్‌లో దిగినా ఇవే నియమాలు, ఇవే పగడాలు.

కొడుకు ఫోన్ చేసి ‘అమ్మీ, రేపు డైవ్‌కు వెళుతున్నాను’ అంటే, ఇకపై ‘ఎందుకు?’ అని కాక ‘ఎవరితో? ఎంత లోతుకు? తిరుగు విమానం ఎప్పుడు?’ అని అడగండి. పైకి వచ్చాక ‘ఏమి తెచ్చావు?’ అని మాత్రం అడగకండి. అక్కడి నుంచి గవ్వ గానీ పగడపు ముక్క గానీ తేకుండా ఉత్త చేతులతో వచ్చాడంటే వాడు సరిగానే నేర్చుకున్నాడన్నమాట.